పంక్తిలో ఎలుకలు

తొంభైల చివర్లో విశాఖపట్నంలో ఒక ఫార్మసీ కళాశాల ప్రయోగశాలలో రికార్డులు రాసేదాన్ని. మెదడుకు రక్తం అందనప్పుడు కణాల్లో ఒక ఎంజైమ్ అదుపు తప్పి, వాటి శక్తినంతా ఖర్చు చేసేస్తుంది. బి విటమిన్ల జాతిదే అయిన నికోటినమైడ్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. దానితో మెదడు ఎంతవరకు నిలుస్తుందో ఎలుకల్లో చూస్తోంది మా పరిశోధక విద్యార్థిని. డిసెంబరు ముప్పై ఒకటిలోగా ఫలితాలు ఇవ్వకపోతే ఆమె నాలుగేళ్ల శ్రమ పోయినట్టే.

బల్ల మీద ఒకే వరసలో ఇరవై నాలుగు బోనులు. ఎడమ పన్నెండింటికి మందు కలిపిన నీళ్లు, కుడి పన్నెండింటికి వట్టి నీళ్లు, ఇరవై ఒక్క రోజులు. సీసాలు నింపేది మల్కాపురం నుంచి వచ్చే అటెండరు, నాకంటే పెద్దవాడు.

పదకొండో రోజున మందు డబ్బా అడుగంటింది. అది ఇంకా పది రోజులకు సరిపోవాలి. రెండుసార్లు లెక్క వేశాను. సరిగ్గా రెట్టింపు వాడకం.

“కుడివైపు వాటికీ పోశారా?”

“పోసానమ్మా. ఇటమినే కదేటి.”

“ఎవరు పోయమన్నారు?”

“ఒకే పంక్తిలో కూకోబెట్టి, సగం మందికి నెయ్యేసి సగం మందికి ఎయ్యకపోతే బావుంటాదేటి? నోరు లేని జీవాలు. నాను సెయ్యలేనమ్మా అలాటి పాపం.”

“పోల్చి చూడటానికే కదయ్యా ఆ పన్నెండు! అన్నీ తాగితే మందు పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?”

“అలాగని మీరెప్పుడు సెప్పినారు? ఇంగ్లీషులో సీటీ అంటించి ఎల్లిపోనారు.”

అది నిజమే కావడంతో నాకు మరీ ఒళ్లు మండింది.

“ఇప్పుడెలా మేడమ్?” అంది పరిశోధన చేస్తున్న ఆ పిల్ల. మొహంలో రక్తం లేదు.

ఆ రోజు అక్టోబరు ఇరవై. మందూ ఎలుకలూ కొత్తగా తెప్పించి మళ్లీ మొదటి నుంచి చేయాలి. కొత్త ఎలుకలు వచ్చి కుదురుకోవడానికి పద్నాలుగు రోజులు, మందుకు ఇరవై ఒకటి, మెదడుకు రక్తం ఆపే శస్త్రచికిత్సలకూ పరీక్షలకూ ఇరవై ఎనిమిది. రాయడానికి తొమ్మిది మిగిలాయి. ఆదివారాలు లేవు.

ఈసారి వట్టి నీళ్ల పన్నెండింటినీ పక్క గదిలో పెట్టించాను. అటెండరు రెండు గదుల మధ్య గోడను చూసి తల ఊపాడు.

“ఇది వేరే ఇల్లు. ఎవులింట్లో ఉన్నది ఆళ్లు తింతారు.”

“బెల్లం ముక్క కూడా పెట్టకూడదు.”

“పెట్టనమ్మా, ఎన్నిసార్లు సెప్తారు!”

అయినా రోజూ పొద్దునా సాయంత్రం సీసాలు నేనే కొలిచాను. డిసెంబరు ముప్పయ్యో తారీఖు సాయంత్రం నాలుగింటికి ఆ పిల్ల ఫలితాల కాగితాలు ఇచ్చింది. ఒక రోజు మిగిలింది. ఆ రోజు సెలవు పెట్టి పడుకున్నాను.