చిల్లుల అట్టలు

ధర్మవరంలో మా డ్రాయింగ్ టీచర్లకు శిక్షణ. తెర మీద స్లైడు పడింది: ‘మాస్కుల తయారీకి పిల్లలచేత ఇంట్లో పనికిరాని అట్టలు తెప్పించండి.’ పక్క బల్ల మీద మైదా జిగురు ఇంకా పొగలు కక్కుతోంది. ఆ వాసనకు నా ఐదో తరగతి గుర్తొచ్చింది.

అప్పుడూ మా అయ్యవారు అట్టలే తెమ్మన్నాడు. మా మగ్గం పైన జకార్డు అట్టలు గొలుసులా వేలాడుతుండేవి. అన్నీ చిల్లులే కదా, పనికిరావనుకుని ఆరు కత్తిరించుకుని పోయాను. ఒక్కో అట్టలోని చిల్లులే చీర అంచు డిజైనులో ఒక్కో వరుస అని అప్పుడు నాకు తెలియదు.

సాయంత్రం పులి మాస్కుతో ఇంటికొచ్చాను. మగ్గం ఆగిపోయి ఉంది. దాని మీద ఎవరిదో పెళ్లిచీర సగంలో ఉంది. నాయన దాని ముందే కూర్చున్నాడు.

“యాడివి పాపా ఈ అట్టలు?”

“పైనుండేవే నాయనా. అన్నీ చిల్లులు పడిండాయి.”

ఆయన మాస్కు తీసుకుని మొహానికి పెట్టుకున్నాడు. పులి వచ్చిందని చప్పట్లు కొట్టాను. అమ్మ అన్నానికి పిలిచినా తీయలేదు. అంత నచ్చిందనుకున్నాను. దాని వెనక ఆయన మొహం ఎలా ఉందో నేను చూడనేలేదు.

“ఏమన్నా డౌట్లుండాయా మేడం?” స్లైడ్లు చూపిస్తున్నాయన అడిగాడు.

లేవన్నాను. ‘పనికిరాని అట్టలు’ అని నోటుబుక్కులో రాసుకున్నాను.