టీవీకి పనికిరాని తెల్లచొక్కా

ఆ రోజుల్లో కరువు మాకు కొత్త కాదు, టీవీయే కొత్త. కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో శెనక్కాయ చేలు ఎండిపోవడం ఎవరికీ వింత కాదు గానీ, అవి ఎండిపోయినట్టు టీవీలో చెబితే మాత్రం నోరు తెరుచుకుని వినేవాళ్లం. ఆ టీవీ కూడా మాది కాదు. మా నాయన వాళ్లన్న, అంటే మా పెద్దనాయనది. సాయంత్రమయితే సగం వీధి వాళ్ల నడింట్లోనే ఉండేది. పెద్దనాయన కూతురు, నాకంటే రెండేళ్లు పెద్దదైన మా అక్క, రిమోటు ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చునేది. నేను పక్కన చేరబోతే "ఈడ చోటు ల్యాదు మే, ఆడ కూచో" అని గడప దగ్గర చెప్పుల పక్క చూపించేది. (వాళ్ల పిల్లికి మాత్రం మంచం మీద చోటుండేది.) నాకు కడుపు ఎంత మండేదంటే, కరెంటు పోయినప్పుడల్లా లోలోపల సంతోషించేదాన్ని. మా ఇంటికి టీవీ వచ్చే యోగం ఎటూ లేదు కాబట్టి, పదిహేనేళ్ల నాకు ఒకటే కోరిక మిగిలింది. మా నాయన ఒక్కసారి ఆ పెట్టెలో కనబడాలి, అది అక్క చూడాలి.

ఆ ఏడు వాన పూర్తిగా మొహం చాటేసింది. కరువు చూపించడానికి టీవీ వాళ్లు వస్తున్నారని తెలిసి ఊళ్లో ఎన్నడూ లేని పోటీ మొదలయింది. ఏటా నా పంట బాగుందంటే నా పంట బాగుందని చెప్పుకునే మనుషులు, "నా చేను చూడప్పా, మేకలు గూడా మూతి పెట్టవు" అని గొప్పలకు పోయారు. నిజం చెప్పాలంటే మొదటి బహుమతి మాదే. రోడ్డు పక్కనే ఉన్న మా చేను, కాయ కట్టే ఊడలైనా నేలలోకి దిగకుండా మాడిపోయింది. దాన్ని ఆనుకునే ఉన్న పెద్దనాయన చేను అక్కడక్కడా పచ్చగా ఉంది. (వాళ్లకున్న పచ్చదనం చూసి నేను సంతోషించింది ఆ ఒక్కసారే.) ఇంక మా నాయన టీవీలో పడ్డట్టేనని లెక్కేసుకున్నాను.

అప్పుడే నా తెలివి వాడాను. టీవీ వాళ్లొచ్చే రోజు పొద్దున నాయన చిరిగిన బనీనుతో చేనికి బయల్దేరుతుంటే వాకిట్లో అడ్డం నిలబడ్డాను. "టీవీలో పడే మనిషివి, ఆ గుడ్డలతో పోతావా నాయనా?" అన్నాను. "ఎండిపోయిన చేను చూపించేకి చొక్కా యాలమ్మా?" అన్నాడు. "అక్క నవ్వుతాది" అన్నాను. ఆ మాటకు మెత్తబడ్డాడు. గడ్డం గీయించి, తలకు నూనె పెట్టి, పెళ్లిళ్లకు మాత్రమే పెట్టెలోంచి తీసే తెల్లచొక్కా తొడిగించి, తెల్లపంచె కట్టించాను. ఫోటో స్టూడియోకు అందరూ అట్లాగే కదా పోతారు, టీవీ అంతకంటే పెద్దదాయె.

చేని దగ్గర జీపు దిగిన విలేకరి అమ్మాయి నాయనను చూడగానే నమస్కారం పెట్టింది. "సార్, మీరు ఈ మండలం నాయకులా? మాకు రైతు కావాలి, కాస్త పక్కకు జరుగుతారా?" అంది. "నేనేనమ్మా రైతును" అని నాయన అంటూనే ఉన్నాడు, ఆమె చెవిన పడలేదు. సరిగ్గా అప్పుడే పెద్దనాయన పేడ ఎత్తిన చేతులతో, వీపంతా చిరిగిన బనీనుతో, నాలుగు రోజుల గడ్డంతో అటు వచ్చాడు. ఆమె మొహం వెలిగిపోయింది. తీసుకెళ్లి మా చేనిలోనే నిలబెట్టి మైకు పెట్టింది. "ఏముండాదమ్మా, అంతా పోయింది" అన్నాడు పెద్దనాయన. పోయింది మాది, చెప్పింది ఆయన. నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

ఆ సాయంత్రం మళ్లీ ఆ గడప దగ్గరే, ఆ చెప్పుల పక్కనే కూర్చోవాల్సి వచ్చింది. అక్క "మా నాయన, మా నాయన" అని ఎగురుతుంటే చూడలేక కళ్లు మూసుకున్నాను. ఇంటికొచ్చాక నాయన చొక్కా మడిచి పెట్టెలో పెడుతూ, "పోనీలేమ్మా, ఎవరు చెప్తే ఏమి, చెప్పాల్సింది చెప్పినాడు" అన్నాడు. మా నాయనకు ఇట్లాంటివి పట్టవని నేను ఇన్నేళ్లూ నమ్మాను.

మొన్న అక్క ఆ పాత వార్తను ఎక్కడో వెతికి పట్టుకుని నా ఫోనుకు పంపింది. (ఇప్పటికీ గొప్పే.) ఈసారి కళ్లు మూసుకోలేదు. చూద్దును గదా, పెద్దనాయన వెనక, తెర మూలన, పీకిన శెనక్కాయ చెట్టొకటి చేతిలో పట్టుకుని తెల్లచొక్కా మనిషి నిలబడి ఉన్నాడు. పరుగున పోయి నాయనకు చూపించాను. ఆయనిప్పుడు ఫోను ముక్కుకు ఆనించుకుంటే గానీ కనబడదు. చాలాసేపు చూసి, "ఎవరమ్మా ఈ ఆఫీసరు?" అన్నాడు.

"నువ్వే నాయనా."

ఇంకోసారి చూశాడు. "మరి మా అన్నకు పెట్టి, నాకేల పెట్టలేదు మైకు? చేను నాదే గదా."

నా కుళ్లు నాకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. జవాబు నాకు తెలుసు గానీ చెప్పే ధైర్యం లేక ఫోను ఆయన వైపు తిప్పి, "ఇప్పుడు చెప్పు నాయనా, నేను తీస్తాండా" అన్నాను. నాయన మెల్లగా మంచం దిగి లోపలికి నడిచాడు.

"యాడికి నాయనా?"

"ఉండమ్మా, చొక్కా ఏసుకొనొస్తా."

నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. చేయి పట్టుకుని ఆపి, ఆ రోజు పొద్దున వాకిట్లో చెప్పాల్సిన మాట ఇప్పుడు చెప్పాను. "వద్దు నాయనా. బనీనుతోనే రా."