మంగళవారం బిళ్ళ

మొన్న మా అమ్మాయి నన్ను రాజమండ్రిలోనే ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళింది. ఆర్నెల్లుగా పొద్దున్న లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి, కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకుంటే గాని నిలవడం లేదు. ఆవిడ రక్తపరీక్షలన్నీ చూసి, ఇది కీళ్ళవాతమే, భయమేమీ లేదు, వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకునే బిళ్ళ ఇస్తాను, ఏ రోజు వేసుకుంటారో చెప్పండి రాస్తాను అంది. నేను ఠక్కున మంగళవారం అన్నాను. సోమవారం మాత్రం వద్దండీ అని కూడా అన్నాను. వాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. దాని వెనక మా అమ్మ కథ ఉంది, అది మన ఈడువాళ్ళకు చెప్పుకుంటేనే సుఖం. ఈ కాలం పిల్లలకు ముందు పొట్లం కట్టడమంటే ఏమిటో చెప్పాలి, అది అయ్యేలోగా వాళ్ళ ఫోను మోగుతుంది.

మాది రామచంద్రపురంలో కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. నాన్న తూకం వేసేవారు, అమ్మ పొట్లం కట్టేది. పాత పేపరు ముక్క మీద కందిపప్పు పోసి, అటో మడత ఇటో మడత వేసి, కొసలు లోపలికి దోపి, పైనుంచి వేలాడే పురికొస లాగి నాలుగు చుట్లు చుట్టి, వేలికి మెలేసి పుటుక్కున తెంపేది. ఆ పొట్లం సైకిలు మీద ద్రాక్షారామం దాకా వెళ్ళినా గింజ రాలేది కాదు. నాన్న కట్టిన పొట్లం మాత్రం వీధి మలుపు తిరక్కుండానే నోరు తెరిచేది, ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

నాకు బడిలో టీచరుగా కొత్తగా ఉద్యోగం వచ్చిన ఏడాది అమ్మకు వేళ్ళ కణుపులు వాచాయి, తర్వాత మణికట్లు, ఆ తర్వాత మోకాళ్ళు. మన ఇళ్ళల్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే అందరూ వైద్యులే కదా! మేనత్త వావిలాకు మరిగించిన నీళ్ళతో కాపడం పెట్టింది, పక్కింటావిడ కర్పూరం వేసి కాచిన నువ్వులనూనె తెచ్చింది, నాయనమ్మ వంకాయ మాన్పించింది. గోదావరి జిల్లాలో వంకాయ మానమనడమంటే ఇక బతకడమెందుకు అన్నట్టే, అయినా అమ్మ మానింది. మందుల కొట్లో బిళ్ళ అడిగి తెచ్చి వేస్తే ఆ పూటకు హాయి, మర్నాటికి కడుపులో మంట. రెండేళ్ళు ఇలాగే గడిచాయి. ఒకరోజు పంచదార పొట్లం కట్టబోతే పురికొస వేళ్ళలో నిలవక పంచదారంతా బల్ల మీద ఒలికిపోయింది. బేరానికి వచ్చినావిడ జాలిపడి, పోన్లెండి, సంచిలో పోసెయ్యండి అంది. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది, మళ్ళీ కొట్లోకి రాలేదు. ఆ చేతులు ఇంక పొట్లం కట్టవేమోనని నాకు అన్నం సయించేది కాదు.

ఎవరో చెబితే బడికి సెలవు పెట్టి అమ్మను కాకినాడలో కీళ్ళవాతం చూసే డాక్టరు దగ్గరకు బస్సులో తీసుకెళ్ళాను. పెద్దాయన. చీటీలవీ చూడకుండా ముందు అమ్మ చేతులు తన చేతుల్లోకి తీసుకుని, పొద్దున్న లేచాక ఈ గుప్పిళ్ళు విచ్చుకోవడానికి ఎంతసేపు పడుతుందమ్మా అని అడిగారు. రెండేళ్ళలో ఏనాడూ కన్నీళ్ళు పెట్టని మనిషి భోరున ఏడ్చేసింది. పాలవాడు వచ్చే వేళకు లేస్తానండీ, మా అమ్మాయి బడికి వెళ్ళే వేళకు గాని వేళ్ళు కదలవండీ అంది. ఒకే ఇంట్లో ఉంటూ నాకు ఆ సంగతి తెలీదు, ఎన్నడూ అడగలేదు కూడా. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయనే ఈ వారానికొక బిళ్ళ రాశారు. నెమ్మదిగా పనిచేస్తుంది, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి, అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించాలి, భోజనమయ్యాకే వేసుకోవాలి, వారంలో ఒక్క రోజే, అదీ అనుకున్న రోజే, ఇంకో రోజు పొరపాటున కూడా ముట్టకూడదు అని మూడుసార్లు చెప్పారు. ఇంటికొచ్చాక నాన్న క్యాలెండరు చూసి, శివుడి రోజు, సోమవారం అని తేల్చారు. శ్రావణం వెళ్ళేసరికి వాపు తీసింది, దసరాకి అమ్మ ఒంటి చేత్తో గ్లాసు పట్టుకుంది. నేను బడిలో పిల్లలందరికీ బిళ్ళలు పంచాను, చాక్లెట్ బిళ్ళలు లెండి!

కార్తీకం వెళ్ళేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. గుప్పిళ్ళు మూసుకుపోయాయి. ఇంగ్లీషు మందు ఇంతే, మొదట మురిపించి తర్వాత ముంచుతుందని చుట్టాలంతా ఒకటే నస. పెద్దాపురం దగ్గర ఎవరో పసరు పోస్తారని మావయ్య బయల్దేరదీశాడు, నాన్న సరేనన్నారు. పసరు పోయించుకుంటే ఈ మందు మానెయ్యాలట. ఆ ముందురోజు నేను బిళ్ళల డబ్బా తీసి చూద్దును కదా, అయిపోవలసిన బిళ్ళలు నాలుగు మిగిలి ఉన్నాయి.

నిలదీశాను. అమ్మ తప్పు చేసిన చిన్నపిల్లలా మొహం పెట్టి, కార్తీక సోమవారాలు ఉపవాసం కదే, చుక్క కనబడేదాకా ఏమీ ముట్టను, ఆపైన తినేదీ ఫలహారమే, ఆయనేమో భోజనమయ్యాక వేసుకోమన్నారు, పోనీ మర్నాడు వేసుకుందామంటే రోజు మారకూడదన్నారు కదా అంది. దేవుడికి కోపం రాకూడదు, డాక్టరుగారి మాట తప్పకూడదు, మధ్యలో తన కీళ్ళు ఏమైపోయినా ఫరవాలేదు! నవ్వాలో ఏడవాలో తెలియక అరిచాను. రోజు ఎంచిన నాన్న బియ్యం బస్తా మీద కూలబడిపోయారు.

పెద్దాపురం బదులు కాకినాడ వెళ్ళాం. విన్నాక డాక్టరుగారు కళ్ళజోడు తీసి నవ్వి, తప్పు నాదేనమ్మా, ఏ రోజు వేసుకుంటారో, ఆ రోజు ఉపవాసమేమైనా ఉందో నేను అడగలేదు అని, మంగళవారం అని పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. మీ శివుడు ఏమీ అనుకోడులెండి అన్నారు కూడా.

ఉగాది వెళ్ళాక ఒక పొద్దున్న అమ్మ తనంతట తానే కొట్లోకి వచ్చి, పేపరు పరిచి, డాక్టరుగారి కోసం పటికబెల్లం పొట్లం కట్టింది. చాలాసేపు పట్టింది. ఒక మూల కాస్త వదులుగా ఉందని నాన్న అందుకోబోతే, మీరు ముట్టుకున్నారంటే దారిలోనే ఒలుకుతుంది, వదలండి అంది. దాదాపు మూడేళ్ళ తర్వాత మా కొట్లో అందరం గట్టిగా నవ్విన రోజు అది. కుడిచేతి రెండు వేళ్ళు వంకరగానే ఉండిపోయాయి గాని, ఆ చేతులతోనే మరో ఇరవయ్యేళ్ళు పొట్లాలు కట్టింది.

ఇప్పుడు అన్నీ అంటించిన ప్యాకెట్లలోనే వస్తున్నాయి, పురికొస ఎక్కడ దొరుకుతుందో కూడా తెలీదు. వైద్యం బాగా పెరిగింది, సంతోషమే. ఈ డాక్టరమ్మ కూడా ముందు నా చేతులే పట్టుకుని, పొద్దున్న ఎంతసేపు పడుతోందండీ అని అడిగింది, నాకు సగం జబ్బు అక్కడే తగ్గింది.

నిన్న మంగళవారం. భోజనమయ్యాక మొదటి బిళ్ళ వేసుకుని, ఆవిడకు ఇద్దామని పటికబెల్లం పేపర్లో పోసి కట్టబోయాను. ఎన్నిసార్లు కట్టినా విడిపోయింది, అచ్చం నాన్న కట్టినట్టే. మా అమ్మాయి, వేళ్ళ నొప్పి వల్లలే అమ్మా, తగ్గాక కడుదువుగాని అంది. నొప్పి వల్ల కాదు. ఆ చేతులు బాగవ్వాలని అమ్మను కాకినాడ తిప్పాను, ఎన్నో మొక్కులు మొక్కాను. బాగయ్యాక ఇరవయ్యేళ్ళలో ఒక్క రోజైనా పక్కన కూర్చుని, ఎలా కడతావో చూపించమ్మా అని అడగలేదు.