తెగాల్సిన చోటు

వన్ టౌన్‌లో గాలాల సామాన్లు అమ్మే కొట్టులో కొత్త తంగూసు దారం చుట్ట విప్పగానే ఒక వాసన వస్తుంది, కొత్త రెయిన్‌కోటు మడత విప్పినప్పుడు వచ్చేలాంటిది. మొన్న ఆదివారం కొట్టాయన ఆ చుట్ట నా ముక్కు ముందే విప్పి, "ఇది తీసుకో బావా, ఏనుగుని కట్టినా తెగదు," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "తెగేది ఇవ్వవయ్యా! తెగనిది నాకెందుకు?" అని అరిచాను. కొట్లో ఉన్నవాళ్ళంతా పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. చూడనీ. వాళ్ళకి సింహాచలం మేస్త్రి తెలియదు. తెలిసుంటే వాళ్ళూ అరిచేవాళ్ళు.

సింహాచలం మేస్త్రి పోర్టులో మా గ్యాంగుకి పెద్ద. క్రేనుకి బరువులు కట్టే పని మాది. గోదావరి వైపు నుంచి వచ్చి నేను ఆ గ్యాంగులో చేరిననాడు ఆయన నా పేరైనా అడగలేదు. "గోదారోడా" అన్నాడు, చివరిదాకా అదే పిలుపు. మనిషి పొట్టి, నోరు పెద్దది. మేం కట్టిన గొలుసుని చేత్తో తడిమి చూసి, నచ్చకపోతే ఎండలో నిలబెట్టి తిట్టి మొత్తం విప్పించేవాడు. "జాగర్త నేనోడు నా గేంగులో వద్దు," అనేవాడు. ఆయన చేతికింద పనిచేసినవాళ్ళలో ఎవడికీ వేలు నలగలేదు. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఇప్పుడు ఎక్కువ కోపం వస్తుంది.

ఆదివారాలు ఆయన హార్బరు పక్క రాళ్ళ కట్ట మీద గాలం వేసేవాడు. ఒకసారి నన్నూ రమ్మన్నాడు. నేను ఊరికే వెళ్తానా? పని అలవాటు ఒకటి ఏడ్చింది కదా, కొట్లో ఉన్నవాటిలోకెల్లా గట్టి తంగూసు కొని, రీలు దగ్గర్నుంచి ఎర దాకా అదే దారం కట్టుకుని బయలుదేరాను. ఎర అంటే రొయ్య కాదు, బొమ్మచేప. నీళ్ళలో లాగుతుంటే ఈదుతున్నట్టు కదిలి పెద్ద చేపని మోసం చేస్తుంది. నాది వేసీ వేయగానే రాళ్ళ సందులో ఇరుక్కుంది. లాగాను, రాలేదు. దారాన్ని అరచేతికి చుట్టుకుని బలంకొద్దీ లాగాను.

"ఏటి సేత్తన్నావురా గోదారోడా! సేతికి సుట్టీసినావేటి? యేళ్ళు తెగిపడతాయి, ఒగ్గీ!" అంటూ వచ్చి, కత్తి తీసి దారం కోసేశాడు. నా బొమ్మచేప, దాని వెనక బోలెడు దారం సముద్రం పాలయ్యాయి.

"ఎంత గట్టిది చూసి కొన్నానండీ! తీరా మీరే కోసేశారు," అన్నాను ఉక్రోషంగా.

"అదేరా నీ తప్పు. క్రేను కాడ ఎక్కడా తెగకూడదు. ఇక్కడ ఎక్కడో ఓ కాడ తెగాల. అదెక్కడో నువ్వు సెప్పాల, రాయి సెప్పకూడదు."

ఆ పూటే కూర్చోబెట్టి చూపించాడు. రీలు మీద గట్టి దారం ఉండాలి. ఎర దగ్గర మూరెడు ముక్క మాత్రం దానికంటే సన్నది కట్టాలి. ఇరుక్కుంటే ఆ సన్నముక్క తెగి ఎర ఒక్కటే పోతుంది. దారమంతా మనతో వచ్చేస్తుంది, రాళ్ళలో మిగిలి ఏ తాబేలు మెడకో చుట్టుకోదు. అయితే తెంపడం ఆఖరి పని. ముందు లాగడం మానేసి దారం వదులు చెయ్యాలి. కట్ట మీదే పక్కకి నడిచి, ఎర దూరిన వైపు నుంచి మెల్లగా కుదపాలి. చాలాసార్లు దానంతటదే ఊడొస్తుంది. రాకపోతే తెంపేసి "పోనీ" అనాలి. ఆయన పైకే అనేవాడు, చుట్టాన్ని బస్సెక్కించినంత తేలిగ్గా. ఏం జరిగినా కింద పాచి పట్టిన రాళ్ళ మీదకి మాత్రం దిగకూడదు. "సెంచా ముక్కకి పేనం ఇత్తావేటి?" అనేవాడు. ఆయన ఎరలన్నీ పాత స్టీలు చెంచాలు కోసి, వంచి, సొంతంగా చేసుకున్నవే మరి.

ఆయన రిటైరైన రోజు గ్యాంగంతా కలిసి శాలువా కప్పింది. నేను విడిగా ఒక బొమ్మచేప ఇచ్చాను. నీలం వీపు, వెండి పొట్ట, గాజు కళ్ళు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత సోకైనదాన్ని నీళ్ళలో ఎలగ యేత్తాంరా?" అన్నాడు.

"వెయ్యడానికేనండీ ఇచ్చింది. పోతే ఇంకోటి తెస్తాను."

"నోర్ముయ్. ఎలగ పోద్ది?" అన్నాడు. నేను నవ్వాను.

ఆ వానాకాలం వెళ్ళాక ఒక ఆదివారం, నేను డ్యూటీలో ఉండగా గౌరీసు ఫోన్ చేశాడు. గోపాలపట్నంలో ఆటో నడుపుతాడు, ఆదివారాలు మాతోపాటు రాళ్ళ మీద గాలం వేస్తాడు. "బావా, మేస్త్రి జారిపోనాడు. రాయికి తల కొట్టీసుకుంది. పైకి తీసీసరికే అయిపోనాది," అని ఏడ్చాడు.

వాళ్ళింటికి వచ్చినవాళ్ళంతా ఒకటే పాట. సముద్రం పిలుచుకుందట. ఇష్టమైన చోటే పోయాడట, అదృష్టవంతుడట. ఎవరండీ పిలిచింది? సముద్రానికి ఆయన పేరు తెలుసా? పాచి రాయి మీద కాలు పెట్టాడు, జారాడు, అంతే. ఉద్యోగం చేసినంతకాలం ఇతరుల కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూసిన మనిషి తన కాలు చూసుకోలేదు. ఆయన భార్య పైడమ్మ గారు మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఎప్పుడూ దిగనోడు ఎందుకు దిగినాడు బాబూ?" అని అడిగింది. గౌరీసుని బయటికి తీసుకెళ్ళి అడిగాను.

"పక్కకెల్లి కుదుపు మేస్త్రీ అని నాను సెప్పినాను బావా. రాయికి గీసుకుని రంగు పోద్దన్నాడు. గోదారోడిచ్చింది, రంగు పోతే ఎలగ అన్నాడు. దిగీనాడు."

రంగు! అక్కణ్ణుంచి తిన్నగా రాళ్ళ కట్ట దగ్గరికి వెళ్ళాను. గౌరీసు ఆ కంగారులో రాళ్ళ మధ్య గుచ్చేసిన ఆయన గాలం కర్ర అలాగే ఉంది, దారం ఇంకా నీళ్ళలోకి బిగుసుకుని ఉంది. దారం వదులు చేశాను. పక్కకి నడిచాను. మెల్లగా కుదిపాను. ఊడొచ్చింది. ఏ గొడవా లేకుండా, కుక్కపిల్లలా వెనకాలే వచ్చేసింది. వీపు మీద కాస్త నీలం రంగు గీసుకుపోయింది. ఎర దగ్గరి ముక్కని వేళ్ళతో తడిమాను. సన్నది కాదు. రీలు మీది దారం కంటే లావు. నేనిచ్చిన చేప పోకూడదని, తెగాల్సిన చోటే లేకుండా కట్టుకున్నాడు. క్రేనుకి కట్టినట్టు కట్టాడు! "ఎవడడిగాడయ్యా నిన్ను? ఇంకోటి తెస్తానని చెప్పానా లేదా?" అని ఆ నీళ్ళకేసి గొంతు పోయేదాకా అరిచాను. పైడమ్మ గారికి రంగు సంగతి చెప్పలేదు. కాలు జారిందమ్మా అన్నాను.

ఆ కోపం తగ్గుతుందని అందరూ అన్నారు. తగ్గలేదు. మొన్న కూడా కొట్లో ఉన్నవాటిలోకెల్లా సన్నది అడిగి తెచ్చుకుని, ఆ ముక్కకే ఆ చేపని కట్టి, రాళ్ళు మరీ ఎక్కువున్న చోట చూసి విసిరాను. పోవాలనే విసిరాను. ప్రతి ఆదివారం అందుకే విసురుతాను. ఇరుక్కుంటుంది. తిట్టుకుంటూ, ఇవాళ తెంపేసి పోనీ అనేద్దామని దారం పట్టుకుంటాను. ఈలోగా నా చేతులు దారాన్ని వదులు చేసేస్తాయి, కాళ్ళు కట్ట మీద పక్కకి నడిచేస్తాయి. అది ఊడి వచ్చేస్తుంది. రంగంతా పోయింది, కళ్ళు కూడా ఊడిపోయాయి, చేప మాత్రం పోలేదు. అంత బాగా నేర్పాడు ఆ ముసలాడు.