ఓనరమ్మ గళ్ళ పేజీ

సుడోకు అంటే నాకు చులకన. కూడిక లేదు, తీసివేత లేదు. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు పనీపాటా లేకుండా గళ్ళలో కూర్చుని, మా వరసలోకి మాలాంటివాడు ఇంకొకడు రాకూడదని పట్టుబడతాయి. అంతే ఆట. లెక్క లేని ఆ అంకెలను నేనూ లెక్కచేయలేదు. సుడి ఉన్నవాడు గళ్ళు నింపుతాడు, లేనివాడు పెన్ను నములుతాడు అనుకునేవాణ్ణి.

గుంటూరు వైపు నుంచి హోసూరుకు ఉద్యోగానికి వచ్చి, మూకండపల్లిలో ఒక ఇంటి మేడమీద గది తీసుకున్నాను. ఫ్యాక్టరీలో నాది క్వాలిటీ విభాగం. వచ్చిన ముక్కనల్లా కొలిచి, తేడా ఉంటే ఎర్ర మార్కర్‌తో ఇంటూ కొట్టి పక్కన పడేయాలి. అక్కడా ఇక్కడా కలిపి పదేళ్ళుగా ఇంటూలు కొట్టీ కొట్టీ, ప్రపంచంలో నేను తప్ప అన్నీ కొలతకు తక్కువేనన్న నమ్మకం కుదిరింది.

కింద ఇంట్లో ఓనర్లు ఉంటారు. ఆయన పొద్దున్నే తమిళ పేపరు చదివేసి, లోపలి పేజీ ఒకటి విడదీసి భార్యకిచ్చి, కృష్ణగిరి బస్సు ఎక్కేవాడు. ఆవిడ మెట్ల మీద కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు మీదకు జార్చుకుని, పెన్సిల్‌తో గళ్ళు నింపేది. కంపెనీ బస్సు కోసం దిగేటప్పుడు రోజూ ఆవిడను దాటుకునే పోవాలి.

ఒకరోజు బస్సుకు ఇంకా ఇరవై నిముషాలుంది.

"పిన్నిగారూ, ఆ పేజీతో మీకేం పనండీ? నాకిస్తే బస్సులో కాలక్షేపంగా ఉంటుంది," అన్నాను.

"నీకు అరవం చదవను వస్తాదా?"

"రాదండీ. మాట్లాడటమే అంతంతమాత్రం. అంకెలు ఏ భాషలోనైనా ఒకటేగా."

"నాకూ అంతేనప్పా. మత్తూరు పక్కన మా పల్లెలో తెలుగు బడికి పోయినాను, ఐదో క్లాసు దాకా. ఇంత పేపర్లో నేను చదివేది ఈ గళ్ళొకటే. ఇది గూడా నువ్వు ఎత్తుకుని పోతే నాకేముండాది?"

అక్కడితో నోరు మూసుకోవలసింది. "అందులో చదవడానికేముందండీ! చిన్నపిల్లల ఆట. బస్సొచ్చేలోపు పూర్తి చేసిచ్చేస్తాను," అన్నాను.

"చెయ్యి. చేస్తే రేపట్నుంచి ఈ పేజీ నీదే. చెయ్యలేకపోతే మళ్ళా దీని జోలికి రావద్దండీ," అంది, నా 'అండీ'ని నాకే తిప్పికొడుతూ.

పెన్సిల్ ఇవ్వబోతే వద్దని పెన్ను తీశాను. ఐదు నిముషాలకు ఒకే నిలువు వరసలో రెండు మూళ్ళు తేలాయి. ఒకదాన్ని ఎనిమిదిగా దిద్దాను. ఆ ఎనిమిది వెళ్ళి అడ్డం వరసలోని ఇంకో ఎనిమిదిని గుద్దుకుంది. అప్పుడు కంటపడింది, పేజీ అడుగున చిన్న అచ్చులో, నిండా నింపేసి ఉన్న గళ్ళ చదరం. పైన తమిళంలో ఏదో రెండు ముక్కలున్నాయి. నవ్వొచ్చింది. ప్రశ్న కిందే జవాబు కూడా అచ్చేసుకునే ఆటా ఒక ఆటేనా!

ఆవిడ పాలు పొంగుతాయని లోపలికి వెళ్ళగానే దింపడం మొదలుపెట్టాను. మొదటి గడిలో జవాబు నాలుగంటోంది, పైన అచ్చులో ఏడుంది. రెండో వరసా కుదరలేదు, మూడోదీ అంతే. సంగతి అర్థమైంది. అచ్చుతప్పు. పదేళ్ళ అనుభవం ఊరికే పోతుందా? జేబులోంచి ఎర్ర మార్కర్ తీసి ఈ మూల నుంచి ఆ మూలకు ఇంటూ కొట్టాను.

"పిన్నిగారూ, రిజెక్ట్! తప్పు అచ్చేశారు. జవాబుకీ దీనికీ పొంతనే లేదు."

ఆవిడ వచ్చి వంగి చూసింది. "ఏ జవాబుతో చూస్తివప్పా? కింద ఉండేదా? అది నిన్నటిది."

"అక్కడ అలా రాసుందా?"

"ఆడ ఏం రాసిండారో నాకేం తెలుసు? నేను పెట్టిన అంకెలు నేను గుర్తుపట్టలేనా?" అంటూ వంటింటి అలమారలో పరిచిన నిన్నటి పేజీని డబ్బాల కింద నుంచి లాక్కొచ్చింది. మొదటి గడిలో పెన్సిల్‌తో గుండ్రంగా రాసిన నాలుగు.

సందు చివర బస్సు హారన్ కొట్టింది. ఆవిడ నా ఇంటూను బొటనవేలితో రుద్ది చూసింది. ఆ మార్కర్ చెరిగే రకం కాదు.

"ఈ పొద్దుకు నాకు పేపరు లేకుండా చేస్తివి," అంది. కోపంగా అన్నా బాగుండేది.

సాయంత్రం మెయిన్ రోడ్డు మీద టీ కొట్టులో మిగిలిన పేపరు కొని తెచ్చిచ్చాను. నాకూ నేర్పమని అడిగాను.

"ముందు ఆ పెన్ను లోపల పెట్టు. అంకె యాడ పెట్టాలా అని చూడొద్దు, యాడ పెట్టకూడదో చూడు. కడాకు ఒక్క గడే మిగుల్తాది."

ఈ ఒక్క ముక్క తలకెక్కడానికి నాకు నెలన్నర పట్టింది. పైమెట్టు మీద ఆవిడ, కిందిమెట్టు మీద నేను. జోలికి రావద్దన్న మాట ఆవిడ మరిచిపోలేదు. పేజీ తన ఒళ్ళోనే ఉండేది. నేను వేలితో చూపించాలి, ఆవిడ రాయాలి. "ఆ వరసలో ఐదు ఉండాది కదప్పా, మళ్ళా ఐదంటావే. నిన్ను క్వాలిటీలో పెట్టినోడెవడు?" అనేది. చిన్నపిల్లల ఆట నన్ను పిల్లాడికంటే హీనం చేసింది.

ఒక ఆదివారం పేజీ, పెన్సిల్ రెండూ నా చేతికిచ్చింది. "పందెం అట్లే ఉండాది. నేను నోరు తెరవను, చెయ్యి," అని చిక్కుడుకాయలు ముందేసుకుంది. కాయలన్నీ ఒలవడం అయిపోయింది, పప్పు ఉడికింది, నాకింకా ఆరు గళ్ళు మిగిలాయి. అవీ నిండాయి. ఆవిడ ఒక్కో వరస మీద పెన్సిల్ మొన ఆనిస్తూ చివరి దాకా చూసింది.

"సరిగ్గా ఉండాది." పేజీని నాలుగు మడతలు పెట్టి, దానివైపు చూడకుండా నాకివ్వబోయింది. "ఎత్తుకో. రేపట్నుంచి నీదే."

"నాకెందుకండీ ఇది? పనీపాటా లేని అంకెలు. మీరే ఉంచుకోండి," అన్నాను, చేతనైనంత చులకనగా.

నా మొహంలోకి కాసేపు చూసి, ఆవిడ మడతలు విప్పుకుంది.

సోమవారం పది నిముషాలు ముందే దిగి, టీ కొట్టులో అదే పేపరు కొన్నాను. మర్నాడూ అంతే. రెండో వారానికి కొట్టాయనకు అనుమానమొచ్చింది.

"ఏం సార్, వచ్చి రెండేండ్లు కాలేదు, అప్పుడే అరవం చదివేస్తా ఉండారే?"

"ఎక్కడండీ! ఇప్పటికి తొమ్మిది అక్షరాలే వచ్చాయి," అన్నాను.