నైరుతి మూలకు జరిగిన కంప్యూటర్

నవ్వొద్దు, ముందే చెప్తున్న. మొన్న సోమవారం నాగప్ప కాక ముప్పై ఏండ్ల పనిని ఒక్క ఎంటర్ కొట్టి ఊడ్చేసిన!

నాగప్ప కాక తెల్సు గద, గద్వాల చీరల అంచులకు డిజైన్లు గీసే పెద్దాయన. ఇప్పుడు చూపు ఆనుతలేదు, మళ్ల గీయమంటే అయ్యే పని కాదు. ఆయన గీసినవన్నీ మూడు నెలలు కూసోని మా చేనేత సొసైటీల ఉన్న యూనిక్స్ కంప్యూటర్ మిషన్‌ల ఎక్కించిన. "ఇంక కాగితాలెందుకు కాకా, పొయ్యిల పెట్టు" అని కూడా చెప్పిన!

ఆ మిషన్ పాతదైందని అదే కంపెనీది ఇంకోటి తెప్పిచ్చిన్రు. అచ్చం కవలలే. నడుమ వైరు కలిపి పాతదాంట్ల ఉన్నదంతా కొత్తదాంట్లకు పంపాలె. వేరే కాపీ ఎందుకు, కొత్త మిషనే కాపీ గద అనుకున్న. చూడున్రి నా తెలివి!

రేపు కొత్తదాంట్లకెల్లి పాతదాంట్లకు పంపాలన్నా పనికొస్తదని, శనివారమే రెండిట్ల ఒకటే ఆర్డర్ రాసిపెట్టిన. ఈడ ఉన్నదంతా అవతలి మిషన్‌కు పంపు, ఈడ లేనిది ఆడ ఉంటే తీసెయ్యి. ఆ రెండో ముక్క, నీట్‌గ ఉంటదని నేనే కలిపిన.

సోమవారం నేను పోయేసరికి మేనేజర్ సార్ పూజ కూడా చేయించిండు. మిషన్లకు బంతిపూల దండలు. పాత, కొత్త అని నేను అంటించిన చీటీల మీదనే ఇంతింత కుంకుమ బొట్లు! కొబ్బరిముక్క నములుకుంట, రోజూ కూసునే కిటికీ పక్క కుర్సీల కూసోని ఎంటర్ కొట్టిన. రెండు నిమిషాలల్ల ఖతం.

"కొత్త మిషన్ ఏం స్పీడ్ సార్!" అన్న.

"అన్నట్టు, పాతది బరువు గద, వాస్తు చూసి నైరుతి మూలకు పెట్టించిన. నీ ముంగట ఉన్నదే కొత్తది," అన్నడు సార్.

కొబ్బరి గొంతుల ఇరికింది. ఉరికిపోయి చూస్తే రెండు మిషన్లు ఒక్కతీరే అయినయి. కొత్తదాంట్ల లేవని పాతదాంట్లయి కూడా తీసేసింది, రెండూ ఖాళీ!

కాక ఇంటికి పోయి, మగ్గం కాడ నిలబడి చెప్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఆయన లేచి సందుగ తెరిసిండు. కాగితాలన్నీ కట్టలు కట్టలు, నంబర్లేసి!

ఇప్పుడు మళ్ల ఒకటో కాగితం నుంచి ఎక్కిస్తున్న. కాక రోజూ వచ్చి పక్కన కూసుంటడు. ఒక్కో కాగితం అయిపోంగనే నా చేతిలకెల్లి గుంజుకుంటడు. నిన్న అడిగిన, "ఏంది కాకా, మిషన్ మీద నమ్మకం లేదా?" అని.

"మిషన్ మంచిదే బిడ్డా, చెప్పింది చేస్తది. చెప్పేటోడివి నువ్వు గద!"