పేరు పోయిన వలల పుస్తకం

మా లైబ్రేరియన్ గారు పోయారని శుక్రవారం పొద్దున్న కబురొచ్చింది. నేనప్పుడు అట్టకి జిగురు రాస్తున్నాను. ఆపలేదు. మధ్యలో ఆపితే అట్ట వంకర తిరుగుతుంది, ఆయనకి అది నచ్చదు. పని పూర్తి చేసి, పైన బరువు పెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళాను. మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్ళారు. నాకు వాళ్ళ పద్ధతులు తెలీవు. అందరూ మట్టి వేస్తుంటే నేనూ వేసి, గోడ పక్కన నిలబడ్డాను.

నేను రాసేవాణ్ణి కాను. కొల్లేటి ఒడ్డున మా ఊరి బళ్ళో ఐదో తరగతి దాకా చదివాను. తర్వాత ఏలూరు వచ్చి ఈ లైబ్రరీలో పుస్తకాలు బైండు చేసే పనిలో కుదిరాను. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని ఇక్కడివాళ్ళు అడిగారు. నేను చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది కాబట్టి ఒప్పుకున్నాను.

ఆయన తండ్రిగారు టౌన్లో టైలరు. అందుకేనేమో ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు కుట్టు చూసేవారు. "మా నాన్న చూసుంటే మిమ్మల్ని షాపులో పెట్టుకునేవారండీ బైండరు గారూ" అనేవారు. మళ్ళీ ఆయనే, "వద్దులెండి, చొక్కాలకి కూడా అట్టలు వేసేస్తారు మీరు" అనేవారు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. నాకు ఎదురు మాట తోచదు.

పాత పుస్తకాలన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టాలని ఆర్డరు వచ్చిన రోజుల్లో ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. స్కాన్ చేసిన పేజీ అంటే ఫోటోయేనట. అందులో ఏముందో కంప్యూటరు చదవలేదట. దాని పక్కన మనం గళ్ళు నింపాలి. పుస్తకం పేరు, రాసినవాళ్ళు, అచ్చయిన ఊరు, ఏడాది, విషయం, ఇలా పదిహేను గళ్ళు. ఎవరైనా వచ్చి వెతికితే కంప్యూటరు ఆ గళ్ళలోనే వెతుకుతుంది. దాన్ని మెటాడేటా అంటారన్నారు. నాకు నోరు తిరగలేదు. "పుస్తకం చిరునామా అనుకోండి, చాలు" అన్నారు.

స్కానింగుకి బయటివాళ్ళొచ్చారు. కుట్లు విప్పి, పేజీలు తీసి, గబగబా కానిచ్చారు. మొదటి పేజీ మీద ఏ పేరుంటే ఆ పేరు గడిలో ఎక్కించారు. విప్పిన కాగితాలు మూటలు కట్టి వెనక గదిలో పడేస్తే, ఆ వానాకాలం చెమ్మకి ముద్దయిపోయాయి. పుస్తకానికొకటి చొప్పున పేర్లు రాసి ఉంచిన పాత కార్డుల సొరుగులు కూడా ఇంక అక్కర్లేదని అక్కడే పెట్టారు. వాటిని చెదలు తినేశాయి.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేసిన ఏడాది, లంక ఊళ్ళ నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. వాళ్ళ నాన్నగారు బడిపంతులట. ఏ కాలంలో ఏ చేప పడుతుందో, ఏ చేపకి ఏ వల వెయ్యాలో చిన్న పుస్తకంగా అచ్చు వేయించారట. ఇంట్లో ఉన్న ఒక్క ప్రతీ నీళ్ళపాలైంది. పుస్తకం పేరు ఆవిడకి గుర్తులేదు. "మా నాన్న వలల పుస్తకమండీ. ఆయన అక్షరాలు మరోసారి చూసుకుందామని" అన్నారు. లైబ్రేరియన్ గారు కుర్చీ కంప్యూటరు దగ్గరికి జరిపి కూర్చోబెట్టారు. తండ్రి పేరు కొట్టారు, వల అని కొట్టారు, చేప అని కొట్టారు. ఏమీ రాలేదు.

నేను వరండాలో ఉన్నాను. అంతా వినపడింది. ఆ పుస్తకం నాకు తెలుసు. చాలా ఏళ్ళ క్రితం అలాంటి పల్చటి పుస్తకాలు ఐదింటిని కలిపి ఒకే అట్టలో కుట్టాను, అట్టకి వేసే గుడ్డ కలిసొస్తుందని. ఐదింటికీ ఐదు కార్డులుండేవి కాబట్టి అప్పుడు ఇబ్బంది లేదు. కంప్యూటర్లోకి మాత్రం మొదటి పుస్తకం పేరొక్కటే ఎక్కి ఉంటుంది. లేచి ఆ మాట చెబితే సరిపోయేది. తప్పు నాదని తెలిసిపోతుందని లేవలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, బస్సుకి వేళయిందని వెళ్ళిపోయారు.

సాయంత్రం గది తాళం వేసేటప్పుడు చెప్పాను. ఆయన కోప్పడలేదు. తాళం మళ్ళీ తీశారు. "పుస్తకం పోలేదండీ, పేరే పోయింది. వెతుకుదాం" అన్నారు.

మర్నాటి నుంచి ఫైళ్ళు ఒక్కోటి తెరిచి, చివరిదాకా పేజీలు తిప్పడం మొదలెట్టారు. పదకొండో రోజున, ఎరువుల మీద ఒక నివేదిక ఉన్న ఫైల్లో, నూట పదమూడో పేజీ తర్వాత వలల బొమ్మ కనపడింది. "కొల్లేటి జాలరి వృత్తి దర్శిని". అదీ దాని పేరు. ఆయన దానికి విడిగా గళ్ళు నింపారు. విషయం అన్న గడిలో మాత్రం "వలల పుస్తకం" అని రాశారు. అలా రాయొచ్చా అని అడిగాను. "మనిషి ఏ మాట పట్టుకుని వెతుక్కుంటూ వస్తాడో ఆ మాట అక్కడ ఉండాలండీ" అన్నారు.

ఆవిడకి కబురు చేద్దామనుకున్నప్పుడు తెలిసింది. ఆవిడ ఊరు ఎవరమూ రాసుకోలేదు. ఫోన్ నంబరూ లేదు. ఆయన తెర మీది గళ్ళకేసి చూశారు. "పుస్తకానికి పదిహేను గళ్ళు నింపాం. మనిషికి ఒక్క గడీ నింపలేదు" అన్నారు.

తర్వాత చాలా ఆదివారాలు కైకలూరు బస్సెక్కి లంకల్లో తిరిగాం. పుస్తకంలో ఉన్న పంతులుగారి పేరు చెప్పి అడిగాం. గట్లు పోయాక చాలామంది పనులకని ఊళ్ళు వదిలేశారు, తాళాలు వేసిన ఇళ్ళే ఎక్కువ. కొత్తవాళ్ళ దగ్గర నాకు మాట రాదు. "మీ కొల్లేటివాళ్ళతో కూడా నేనే మాట్లాడాలా బైండరు గారూ" అని దెప్పేవారు. అంత తిరిగినా ఆవిడ జాడ తెలియలేదు.

రిటైరయ్యాక కూడా రోజూ వచ్చి ఫైళ్ళు తెరిచేవారు. నేను కలిపి కుట్టినవి ఇంకా చాలా ఉన్నాయి. షుగరు కళ్ళ మీదకొచ్చింది. అయినా మొహం తెరకి ఆనించి చూసేవారు. నా వల్ల పడ్డ పని అది. ఆ మాట ఒక్కసారి కూడా నాతో అనలేదు. ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు నేను మందుల సంగతి అడిగితే, ఆయన "ఆవిడ వచ్చారా?" అన్నారు. రాలేదన్నాను. అబద్ధం చెప్పాల్సింది. అదీ తోచలేదు.

ఇది చదివేవాళ్ళలో లంకలవాళ్ళుంటే, ఆ వలల పుస్తకం రాసిన పంతులుగారి కూతురు మీకు తెలిసుంటే, పుస్తకం ఉందని చెప్పండి. ఊరు పేరు నేను రాసుకుంటాను.

తెలుగు పేర్లు కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. నాకు రాదని, వలల పుస్తకం అన్న మాటని చెదలకి మిగిలిన ఒక పాత కార్డు వెనక పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో రాసి తెర కింద అంటించారాయన. పొద్దున్నే గది ఊడ్చాక, ఆ కార్డు చూసుకుంటూ ఒక్కో అక్షరం కొడతాను. పుస్తకం వస్తుంది. మొదటి పేజీ తెరిచి అలాగే ఉంచుతాను. ఎదురుగా, ఆ రోజు ఆవిడ కోసం ఆయన జరిపిన కుర్చీ ఉంటుంది. ఊడ్చేటప్పుడు దాన్ని ఎత్తుతాను, మళ్ళీ అక్కడే పెడతాను.